అన్నీ సీడీలే

మా మావయ్య లెక్కలో మధ్యన చిల్లు ఉండి, ఎండకు పెడితే రంగులు తేలే పళ్లెం ఏదైనా సీడీయే. పాటల సీడీ, సినిమా సీడీ, డీవీడీ సీడీ. అమెరికా నుంచి కొడుకు పంపినది మాత్రం 'ఖరీదు సీడీ'. ఇందులో ఆయన్ని తప్పు పట్టడానికేమీ లేదు. వీధి చివర అద్దె కొట్టు నడిపినవాడి దగ్గర్నుంచి పెళ్లికి వీడియో తీసినవాడి దాకా మనందరిదీ అదే మాట. "పెళ్లి సీడీ ఎప్పుడిస్తారు?" అని అడిగినవాళ్లే గాని, పెళ్లి డీవీడీ అని అడిగినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. వాడుకకు ఆ ఒక్క మాట చాలు. అల్మారా తెరిచి జాబితా రాయబోయినప్పుడే చిక్కు వస్తుంది.

ఆ అల్మారా ఉస్లాపూర్‌లో ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ని ఆనుకుని, కట్ని వైపు పోయే లైను మీద మొదటి స్టేషను అది. రాయ్‌పూర్ వైపు నుంచి కట్ని పోయే బండి బిలాస్‌పూర్ జంక్షన్‌లోకి వెళ్లిందంటే ఇంజను విప్పి రెండో కొసకు తగిలించాలి. ఆ తతంగం లేకుండా కొన్ని బళ్లు బైపాస్ మీదుగా వచ్చి ఉస్లాపూర్‌లో ఆగి, అటునుంచి అటే పోతాయి. అంచేత బిలాస్‌పూర్ చేరాల్సినవాడు ఒక్కోసారి ఉస్లాపూర్‌కి టికెట్ తీసుకోవాలి. ఇక బీఎస్‌పీ అంటే రైలు టికెట్ మీద బిలాస్‌పూర్, రాయ్‌పూర్ దాటి భిలాయిలో అడిగితే ఉక్కు కర్మాగారం. పేర్ల దగ్గర మోసపోవడం ఈ చుట్టుపక్కల కొత్త కాదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఈ లైన్ల మీద తెలుగు కుటుంబాలున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. మావయ్య కూడా అలా వచ్చి, బొగ్గు బళ్లు నడిపి, లోకో పైలట్‌గా రిటైరయ్యాడు. ఊరెళ్లి వచ్చినప్పుడల్లా విశాఖ-కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో చేగోడీల డబ్బాతో పాటు సినిమా పళ్లేలూ వచ్చేవి. అలా పాతికేళ్లలో అల్మారా నిండింది. ఈమధ్య మావయ్య కొడుకు, అంటే మా బావ, టీవీకి ఒక చిన్న పెట్టె తగిలించి వెళ్లాడు. అందులో కోడీ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంట్లో ఉన్న సినిమాలన్నిటినీ పోస్టర్లతో సహా తెర మీద వరసగా చూపిస్తుంది. ఆ జాబితాలోకి అల్మారాని ఎక్కించే పని నా మీద పడింది.

మొదటి గంటలోనే 'మాయాబజార్' నాలుగుసార్లు తగిలింది. ఒకటి మూడు పళ్లేల వీసీడీ, అంటే వీడియో సీడీ. ఒకటి డీవీడీ. ఒకటి నీలిరంగు పలచటి పెట్టెలో ఉంది, దాని మీద ఎవరిదో చేతిరాతలో 'బ్లూరే' అని ఉంది. నాలుగోది హార్డ్ డిస్కులో ఫైలు. దాని పేరు చివర '1080పీ బ్లూరే' అని తగిలించి ఉంది. అట్టడుగున, బావ న్యూజెర్సీ నుంచి పంపిన 'ప్లానెట్ ఎర్త్' సెట్టు. దాని పెట్టె ఎరుపు.

"ఏటల్లుడూ, అన్నీ సీడీలే గదా. ఎక్కించీ," అన్నాడు మావయ్య.

ఎక్కించే ముందు పళ్లెం లోపలికి ఒకసారి దిగి చూడాలి.

ఈ పళ్లేలన్నిటికీ వెడల్పు 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. కొలతలను బట్టి ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. తేడా అంతా పట్టాల్లో ఉంది. పళ్లెం లోపలి అంచు దగ్గర మొదలై బయటికి చుట్టలు తిరుగుతూ పోయే ఒకే ఒక దారి ఉంటుంది. ఆ దారి పొడుగునా సన్నటి గుంటలు. లేజరు కిరణం గుంట మీద పడితే ఒకలా, చదును మీద పడితే మరోలా తిరిగొస్తుంది. ఆ మార్పుల్ని బట్టి ఒకట్లూ సున్నాలూ తేలతాయి. పక్కపక్క చుట్ల మధ్య దూరం సీడీలో 1.6 మైక్రోమీటర్లు, డీవీడీలో 0.74, బ్లూరేలో 0.32.

మైక్రోమీటరు అంటే మీటరులో పదిలక్షవ వంతు. మావయ్యకి అర్థమయ్యేలా చెప్పాలని అన్నిటినీ పదిలక్షల రెట్లు పెంచి చూశాను. సీడీ చుట్ల మధ్య ఎడం 1.6 మీటర్లయింది. మన బ్రాడ్ గేజి 1.676 మీటర్లు. డీవీడీ ఎడం 74 సెంటీమీటర్లయింది. ఒకప్పుడు నౌపడా నుంచి గుణుపూరు దాకా నడిచిన చిన్న రైలుకు పట్టాల మధ్య ఎడం 76.2. బ్లూరేది 32 సెంటీమీటర్లు, పార్కులో పిల్లలెక్కే బొమ్మ రైలుకు కూడా మామూలుగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఈ పోలిక కాకతాళీయమే. అయినా ఇంత చక్కగా కుదిరిన కాకతాళీయాన్ని వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. మావయ్య సీడీని వేళ్ల మధ్య తిప్పుతూ, "అయితే ఇది పెద్ద లైను, అది నారో గేజి," అన్నాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఎవరూ డీవీడీని సీడీ అనలేదు.

అదే కొలతలో పళ్లెం వెడల్పు 120 కిలోమీటర్లవుతుంది. పెంచకుండా చూసినా ఆ దారి తక్కువేం కాదు. సీడీలో చుట్లన్నీ విప్పి సాగదీస్తే ఐదు కిలోమీటర్ల పైచిలుకు, ఇంచుమించు ఉస్లాపూర్ నుంచి బిలాస్‌పూర్ జంక్షన్ దాకా. డీవీడీలో ఒక పొరకు పన్నెండు దాకా, బ్లూరేలో ఇరవై ఏడు.

పట్టాలు ఇంత దగ్గరగా వెయ్యాలంటే వాటి మీద నడిచే వెలుగు చుక్క కూడా అంత సన్నంగా ఉండాలి. చుక్క ఎంత సన్నమవుతుందన్నది రెండిటి మీద ఆధారపడుతుంది. ఒకటి వెలుగు తరంగదైర్ఘ్యం. రెండోది కటకం ఎంత వెడల్పు కోణంలో వెలుగును ఒకచోటికి కూడగట్టగలదన్నది, దీన్ని న్యూమరికల్ ఎపర్చర్ అంటారు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే అంకెను బట్టి చుక్క వెడల్పు ఉంటుంది. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజరు, 0.6 కటకం. భాగిస్తే 1083. బ్లూరేకి 405 నానోమీటర్లు, 0.85 కటకం. భాగిస్తే 476. అంటే బ్లూరే చుక్క అడ్డంగా 2.27 రెట్లు చిన్నది. గుంటలు నిలువుగానూ అడ్డంగానూ దగ్గర పడతాయి కాబట్టి వర్గం చెయ్యాలి, 5.17 వస్తుంది. డీవీడీ ఒక పొరలో 4.7 జీబీ పడుతుంది. 5.17తో గుణిస్తే 24.3. బ్లూరే పెట్టె మీద ఒక పొరకు 25 జీబీ అని రాసి ఉంటుంది. హైస్కూలు గుణకారంతో ఫ్యాక్టరీ చెప్పే అంకె దాకా వచ్చేశాం.

ఇదే లెక్క ఎర్ర పెట్టె మీదా వేశాను. అందులో ఉన్నది హెచ్‌డీ డీవీడీ, తోషిబా ముందుండి తెచ్చినది. లేజరు అదే 405, కటకం మాత్రం 0.65. భాగిస్తే 623. డీవీడీతో పోల్చి వర్గం చేస్తే మూడు రెట్లు, అంటే 14 జీబీ పైన. అసలు అంకె 15. రెండిట్లోనూ ఒకటే వెలుగు. మరి ఒకదానికి పదిహేనేమిటి, ఒకదానికి పాతికేమిటి అంటే, తేడా అంతా కటకంలోనే ఉంది.

కటకం కోణం పెరిగేకొద్దీ ఒక ఇబ్బంది వస్తుంది. పళ్లెం రవ్వంత వంగినా, ఊగినా చుక్క చెదిరిపోతుంది. ఆ చెదరడం తగ్గాలంటే గుంటల పొర మీద ఉన్న ప్లాస్టిక్ మందం తగ్గాలి. అందుకే బ్లూరేలో సమాచారపు పొర కిరణం పడే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. డీవీడీలో పళ్లెం నడిమధ్య, 0.6 లోతులో. సీడీలోనైతే ఆ కొస దాకా పోయి, బొమ్మ ముద్రించిన వైపు లక్క పొర కిందే ఉంటుంది. మావయ్యకి సీడీని మెరిసే వైపు పైకి వచ్చేలా బల్ల మీద బోర్లించే అలవాటు. మెరిసే వైపు గీతలు పడకూడదని ఆయన జాగ్రత్త. సీడీకి ప్రాణం బొమ్మ వైపు ఉందని చెబితే, "ఇన్నాళ్లూ తలకిందులుగా పెట్టానేటి!" అని నొచ్చుకున్నాడు. బ్లూరేకి మాత్రం మెరిసే వైపే ప్రాణం. అందుకని దాని మీద గీతలు పడకుండా గట్టి పూత వేస్తారు. ఆ పూత కుదరక ముందు తయారైన తొలి నమూనాలను ఏకంగా ప్లాస్టిక్ తొడుగులో మూసి ఇచ్చేవారు.

హెచ్‌డీ డీవీడీ మాత్రం 0.6 మిల్లీమీటర్ల దగ్గరే ఆగింది. డీవీడీ తయారుచేసే యంత్రాలతోనే కొద్ది మార్పులతో దాన్నీ చెయ్యొచ్చని వాళ్ల వాదన. ఆలోచన మంచిదే. 2006 మార్చిలో జపాన్‌లో అది బజారుకెక్కింది. అదే ఏడాది జూన్‌లో బ్లూరే వచ్చింది. నవంబరులో సోనీ తన ప్లేస్టేషన్ 3 ఆటల పెట్టెలోనే బ్లూరే డ్రైవు పెట్టి అమ్మింది. సినిమా కంపెనీలు అటు కొన్ని, ఇటు కొన్ని చీలాయి. 2008 జనవరి 4న వార్నర్ బ్రదర్స్ ఇక బ్లూరే ఒక్కటే అంది. ఫిబ్రవరి 19న తోషిబా తప్పుకుంది. ఆ రెండేళ్ల పోరు మన వీధుల్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఆ రోజుల్లో మనకి మోజర్ బేయర్ కంపెనీ 28 రూపాయలకు వీసీడీ, 34కి డీవీడీ అమ్ముతోంది. బొమ్మలో చుక్కలు నాలుగింతలవుతాయి, ధర ఆరు రూపాయలే పెరుగుతుంది. అలాంటి చోట నీలి లేజరు ముచ్చట ఎవరికి కావాలి?

నీలి లేజరు అన్నాను గాని, 405 నానోమీటర్ల వెలుగు నీలం కాదు, ఊదా. బ్లూరే పేరులో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇంగ్లీషులో నీలానికి నాలుగు అక్షరాలు, ఈ పేరులో మూడే. చివరి 'ఈ'ని కావాలనే తీసేశారు, మామూలు మాటనైతే ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోనివ్వరని. తెలుగులో రాస్తే ఆ లోపం కనబడనే కనబడదు, మనం పలికినట్టే రాస్తాం కదా. మనకు తిప్పలు వేరే ఉన్నాయి. ఒకరు బ్లూరే అని కలిపి రాస్తారు, ఒకరు బ్లూ రే అని విడదీస్తారు, ఒకరు మధ్యలో గీత పెడతారు. కంప్యూటరుకి ఇవి మూడూ మూడు. జాబితాలో ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి. నేను కలిపి రాయడానికే ఓటేశాను. డీవీడీ పేరు ఇంకా విచిత్రం. అందులో 'వీ' అంటే వీడియో అని కొందరు, పలువిధాలు అని కొందరు వాదించుకుని, తేలక, మూడక్షరాలనీ ఉత్త పేరుగానే వదిలేశారు.

ఇప్పటిదాకా చెప్పింది పళ్లెం సంగతి. పళ్లేనికీ అందులోని బొమ్మకీ సంబంధం ఉంది గాని, రెండూ ఒకటి కావు. గందరగోళం మొత్తం ఇక్కడే పుడుతుంది.

వీసీడీలో మన పాల్ టీవీ పద్ధతి బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు. గుణిస్తే లక్ష పైచిలుకు చుక్కలు. డీవీడీ 720కి 576, నాలుగు లక్షల పైచిలుకు. బ్లూరే 1920కి 1080, అంటే ఇరవై లక్షల డెబ్బై మూడు వేలు. 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలో దానికి నాలుగింతలు. మాయాబజార్ నిడివి 184 నిమిషాలు. దాన్ని 1920కి 1080 కొలతలో, సెకనుకు 24 బొమ్మల చొప్పున, కుదించకుండా ఉన్నదున్నట్టు దాచాలంటే, రంగుల్ని వీడియోలో మామూలుగా చేసే పొదుపుతో లెక్కేసినా, 824 జీబీ కావాలి. రెండు పొరల బ్లూరేలో పట్టేది 50. కాబట్టి పదహారింతల పైనే కుదించక తప్పదు. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మారని భాగాన్ని మళ్లీ రాయకుండా, మారినదే రాయడం అందులో ముఖ్యమైన కిటుకు. ఘటోత్కచుడు నిలబడి గద తిప్పుతుంటే వెనక గోడను సెకనుకు ఇరవై నాలుగుసార్లు రాయడం ఎందుకు?

ఇలా కుదించిన బొమ్మను ఏ పళ్లెంలోనైనా పెట్టొచ్చు. 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి తెచ్చిన ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో, చేతి కెమెరాతో తీసిన హెచ్‌డీ బొమ్మను మామూలు డీవీడీ పళ్లెం మీదే రాసుకోవచ్చు. అంటే ఎర్ర లేజరు పళ్లెంలో హెచ్‌డీ. ఇటు చూస్తే, 720 చుక్కల పాత బొమ్మను బ్లూరే పళ్లెంలో పెట్టడానికి బ్లూరే నియమాలు ఒప్పుకుంటాయి. అంటే నీలి లేజరు పళ్లెంలో హెచ్‌డీ కానిది. కనుక బ్లూరే అన్నది గిన్నె పేరు, కూర పేరు కాదు. మనమేమో కూర ఎలా ఉందంటే ఇత్తడి గిన్నె అని జవాబు చెబుతున్నాం.

మావయ్య నీలి పెట్టెలోని పళ్లేన్ని కంప్యూటరులో పెట్టాం. బ్లూరే సినిమా అయితే 'బీడీఎంవీ' అనే ఫోల్డరు కనబడాలి. హెచ్‌డీ డీవీడీకి 'హెచ్‌వీడీవీడీ_టీఎస్', డీవీడీకి 'వీడియో_టీఎస్', వీసీడీకి 'ఎంపెగ్‌ఏవీ', అందులో మనలో చాలామంది డబుల్ క్లిక్ చేసి ఎరిగిన 'ఏవీసెక్01' ఫైలు. పళ్లెం తన కులగోత్రాలు తనే చెప్పుకుంటుంది, అట్ట మీది రాతతో పనిలేదు. కనబడింది 'వీడియో_టీఎస్'. ఎవరో ఖాళీ డీవీడీ మీద డీవీడీనే నకలు తీసి, చేతికి అందిన నీలి పెట్టెలో పడేశారు. పెట్టె రంగు చూసి మరెవరో పేరు రాశారు.

హార్డ్ డిస్కులో ఫైలు అంత తేలిగ్గా లొంగలేదు. పేరులో చెప్పినట్టే వెడల్పు 1920, ఎత్తు 1080. చూడటానికి ఏ లోటూ లేదు. కానీ నిడివి రెండు గంటల యాభై ఆరు నిమిషాల ముప్ఫై ఎనిమిది సెకన్లు. 184 నిమిషాలంటే మూడు గంటల నాలుగు నిమిషాలు కదా, తక్కిన ఏడు నిమిషాలూ ఎటు పోయాయి? సీన్లేవైనా కోశారేమోనని పాత డీవీడీని పక్కన పెట్టి చూశాం. మావయ్యకి ఆ సినిమా రీలు రీలుగా కంఠతా వచ్చు. ఏదీ పోలేదన్నాడు. పడవ పాట వచ్చినప్పుడు మాత్రం తల పక్కకి వాల్చి, "ఘంటసాల శ్రుతి పైకుంది," అన్నాడు.

దొంగ అక్కడ దొరికాడు. సినిమా రీలు సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. పాల్ టీవీ పద్ధతికి 25 కావాలి. పాల్ పళ్లేలు చేసేవాళ్లు తరచు పట్టే దగ్గరిదారి ఏమిటంటే, సినిమానే కొంచెం వేగంగా నడిపించెయ్యడం. 184ను 24తో గుణించి 25తో భాగించండి, 176.64 నిమిషాలు. సరిగ్గా ఆ రెండు గంటల యాభై ఆరు నిమిషాల ముప్ఫై ఎనిమిది సెకన్లే. బొమ్మతో పాటు గొంతూ వేగమవుతుంది. శ్రుతి నూటికి నాలుగు వంతులు పెరుగుతుంది, హార్మోనియం మీద ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ మధ్య ముప్పాతిక దూరం దగ్గర దగ్గర. సినిమాను బ్లూరేలో సాధారణంగా 24 చొప్పునే ఉంచుతారు, ఈ పరుగు అక్కర్లేదు. కాబట్టి ఈ ఫైలు ఏ బ్లూరే కడుపునా పుట్టినట్టు లేదు. పాల్ డీవీడీలోని 720 చుక్కల్ని కంప్యూటరుతో 1920కి సాగదీసి, పేరు చివర రెండు మాటలు తగిలించారు. సాగదీస్తే చుక్కలు పెరుగుతాయి, వివరం పెరగదు. పూరీ పిండిని ఎంత పలచగా ఒత్తినా పిండి అంతే కదా.

ఆ రెండు మాటలు ఎందుకు తగిలిస్తారంటే, సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది కనుక. ఫైలు పేరులో బ్లూరే అన్న మాట కనబడితే పోస్టరు పక్కన నీలి చిహ్నం వేసే ఏర్పాట్లు ఇలాంటి లైబ్రరీల్లో ఉన్నాయి. వెడల్పు, ఎత్తు ఫైలును తెరిచి కొలుచుకోగలవు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం మనం రాసినదే వాటికి వేదం.

ఇక జాబితా ఎలా రాయాలన్నది. నేను గ్రంథాలయాల పద్ధతి చెప్పబోయాను. పుస్తకాల ప్రపంచంలో దీనికి చక్కటి విభజన ఉంది. 1998లో అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఇఫ్లా వెలువరించిన నివేదిక ప్రకారం ఒక రచనను నాలుగు మెట్ల మీద చూడాలి. రచన ఒకటి, దాని రూపం ఒకటి, ఆ రూపం అచ్చయిన సంచిక ఒకటి, చేతిలో ఉన్న ప్రతి ఒకటి. మాయాబజార్‌కి ఇది అతికినట్టు సరిపోతుంది. 1957లో వచ్చిన సినిమా రచన. అదే ఏడాది తమిళంలోనూ వచ్చింది. 2010 జనవరిలో రంగులద్ది, తెర వెడల్పు పెంచి, డీటీఎస్ శబ్దంతో మళ్లీ విడుదల చేశారు. తెలుగు నలుపు-తెలుపు, తమిళం, రంగుది, ఇవి మూడూ రూపాలు. వీసీడీ, డీవీడీ సంచికలు. మావయ్య అల్మారాలో గీతలు పడ్డ పళ్లెం ప్రతి. పైగా 2006లో అదే పేరుతో ఇంకో సినిమా వచ్చింది కాబట్టి పేరు పక్కన సంవత్సరం లేకపోతే పని జరగదు.

గ్రంథాలయాల కంప్యూటర్ జాబితాలకు వాడే మార్క్ పద్ధతిలో వీడియో రకానికి ఒకే ఒక అక్షరం కేటాయించారు. వీహెచ్‌ఎస్ టేపుకి 'బీ', లేజర్‌డిస్కుకి 'జీ', డీవీడీకి 'వీ', బ్లూరేకి 'ఎస్'. హెచ్‌డీ డీవీడీకి విడిగా అక్షరమే లేదు, 'ఇతరాలు' అనే జెడ్‌లో సర్దుకోవాలి. ఓడిపోయినవాడి గతి జాబితాలో కూడా అంతే.

ఇవన్నీ చెబుతుంటే మావయ్య మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాడు. "మా ఇంజన్ల పేర్లు చూసినావా? డబ్ల్యూ ఏ జీ నైను. డబ్ల్యూ అంటే పెద్ద లైను. ఏ అంటే ఏసీ కరెంటు. జీ అంటే గూడ్సు. నైను దాని తరం. ఒక్కో అచ్చరం ఒక్కో సంగతి. పీ ఉంటే పాసింజరు, డీ ఉంటే డీజిలు. యార్డులో దూరం నుంచి నంబరు చూస్తే సాలు, దేన్నేటి లాగుతాదో తెలిసిపోద్ది. మీరంతా కలిపీసి ఒక్క మాటలో కుక్కుతున్నారు."

నేను వెతుక్కుంటూ తిరిగిన సూత్రం ఆయన చేతివేళ్ల మీద ఉంది. పేరులో ఒక్కో గదికి ఒక్కో ప్రశ్న, ఒక్కో జవాబు. పళ్లెం ఏది? బొమ్మ కొలత ఎంత? ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇవి మూడు గదులు. ఒక గదిలో జవాబు పక్క గదిలోకి కారకూడదు. ఈ క్రమశిక్షణ తప్పితే ఏమవుతుందో కూడా రైల్వేలోనే చూడొచ్చు. డబ్ల్యూడీఎం-2 అన్నప్పుడు రెండు అంటే రెండో తరం. 2002 ప్రాంతంలో డీజిల్ ఇంజన్లకు పద్ధతి మార్చి, అంకెను వేల హార్స్‌పవర్‌కీ, చివరి అక్షరాన్ని వందలకీ గుర్తుగా పెట్టారు. డబ్ల్యూడీఎం-3ఏ అంటే 3100 హార్స్‌పవర్. ఒకే గదిలో పాతవాటికి ఒక అర్థం, కొత్తవాటికి మరో అర్థం. ఎలక్ట్రిక్ ఇంజన్లలో మాత్రం తొమ్మిది తొమ్మిదో తరమే. ఈ సంగతి ఎత్తితే మావయ్య, "అది ఆఫీసోళ్ల పని," అని తేల్చేశాడు.

ఆ సాయంత్రం అత్తయ్య పెట్టిన అటుకుల ఉప్మా తింటూ ఒక నోటుపుస్తకంలో గళ్లు గీశాం. సినిమా పేరు, సంవత్సరం, రూపం, పళ్లెం, బొమ్మ ఎత్తు, మూలం. ఎత్తు గడిలో 288, 576, 1080 అని అంకె మాత్రమే రాయాలి, హెచ్‌డీ అన్న మాట రాయకూడదని మావయ్య పట్టు. హెచ్‌డీ అన్నది పొగడ్త అనీ, అంకె అయితే కొలత అనీ ఆయన అభిప్రాయం. సాగదీసిన ఫైలుకు ఎత్తు 1080, మూలం పాల్ డీవీడీ అని రాశాం. నీలి పెట్టె మీది 'బ్లూరే'ని మావయ్య బాల్‌పెన్నుతో నాలుగుసార్లు కొట్టేసి డీవీడీ అని రాశాడు. నోటుపుస్తకం నిండాక కంప్యూటరులోకి ఎక్కించడం రెండు గంటల పని. డిస్కు మీద 4.7 జీబీ అని ఉంటే కంప్యూటరు 4.38 చూపిస్తోందేమని ఒక పంచాయతీ వచ్చింది. డిస్కు చేసేవాడు వెయ్యిలతో లెక్కేస్తాడు, కంప్యూటరు 1024లతో. అది సర్దుకుంది.

ఎర్ర పెట్టె మిగిలింది. ప్లానెట్ ఎర్త్, బీబీసీ తీసిన 2006 నాటి సిరీస్. 2007లో బ్లూరేగానూ హెచ్‌డీ డీవీడీగానూ రెండు విధాలా అమ్మారు. మా బావ రెండోది కొన్నాడు. ఇండియాకి తెచ్చినా ఆడుతుందని ఆయన ఆలోచన. అది తప్పు కాదు. బ్లూరేకి దేశాల వారీ తాళాలున్నాయి, అమెరికా ఏ, మనం సీ. హెచ్‌డీ డీవీడీకి ఆ తాళాలు లేవు. ఏ దేశంలోనైనా ఆడుతుంది. ఆడించే పెట్టె ఉండాలంతే.

అల్మారాలోనే ఉండిపోయే పళ్లేల కోసం కోడీలో ఒక ఏర్పాటుంది. సినిమా పేరు రాసి, రకం రాసి, చివర 'డాట్ డిస్క్' అని తగిలించి ఒక ఖాళీ ఫైలు చేస్తే చాలు. లోపల సినిమా ఉండదు. జాబితాలో మాత్రం పోస్టరుతో సహా కూర్చుంటుంది. నొక్కితే, పళ్లెం పెట్టమని అడుగుతుంది. అలా ఒకటి చేశాం. తెర మీద భూగోళం బొమ్మతో పోస్టరు వచ్చింది. మావయ్య రిమోట్ నొక్కాడు. పళ్లెం పెట్టమంది. ఆయన ఎర్ర పెట్టె తెరిచి, పళ్లెం తీసి, అంచులు పట్టుకుని, ఈసారి బొమ్మ వైపు జాగ్రత్తగా చూసుకుని, నా వంక చూశాడు. దాన్ని పెట్టే డ్రైవు ఆ ఇంట్లోనే కాదు, నాకు తెలిసి ఆ ఊళ్లోనే లేదు.

"గడి ఇంకోటి గియ్యి," అన్నాడు పళ్లెం తిరిగి పెట్టెలో పెడుతూ. "బండి కండిషను."

గీశాను. ఏం రాయమంటారని అడిగాను.

"యార్డులో బళ్లు పరీక్షించే టీఎక్స్‌ఆరోళ్లు నడవని వ్యాగన్‌కి ఏటి రాస్తారు? సిక్. అదే రాయి. సిక్ లైన్లో ఉంటాది."

ఎర్ర పెట్టె మీద ఆయనే సుద్దముక్కతో ఆ మాట రాశాడు. ప్లాస్టిక్ మీద సుద్ద సరిగా పట్టలేదు. రెండోసారి దిద్ది, అల్మారా కింది అరలో పెట్టాడు.